కంపెనీ కాలువ

మా తాత కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లకు గండ్లు పడకుండా చూడటం, రాత్రిళ్ళు దొంగతనంగా నీళ్ళు మళ్ళించేవాళ్ళతో తగువులాడటం, ఇదీ ఆయన ఉద్యోగం. నాకు బుద్ధి తెలిసేనాటికే పింఛను తీసుకుంటూ నంద్యాల పక్కన మా ఊళ్ళో అరుగు మీద కూచునేవాడు. ఆయన నోట కేసీ కెనాల్ అనే మాట నేనెన్నడూ వినలేదు. "కంపెనీ కాలువకు నీళ్ళు విడిచినారంటనా?" అని అడిగేవాడు. కంపెనీ అంటే ఈస్టిండియా కంపెనీ కాబోలు అనుకునేవాణ్ణి. బ్యాంకులో చేరి, జిల్లా పాత పుస్తకాలు తిరగేసే అలవాటు అబ్బాక తెలిసింది, అది వేరే కంపెనీ అని. లండన్‌లో షేర్లమ్మి, ఆ డబ్బుతో కర్నూలు రేగడిలో కాలువ తవ్విన కంపెనీ.

మొన్న ఎండాకాలం ఇదంతా మళ్ళీ తవ్వుకోవాల్సి వచ్చింది. మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చి, భోజనాలయ్యాక ఒక కంపెనీ వార్షిక రిపోర్టు తెరిచి ఫోను నా చేతిలో పెట్టాడు.

"మామా, ముప్పై ఏండ్లు బ్యాంకులో లోన్లిచ్చినావు కదా. ఈ కంపెనీ ఎట్లుందో రోంత చూడు."

చిన్న కంపెనీ. ఫైబరు కేబుళ్ళు తయారు చేసేది కూడా కాదు. ఆ కేబుళ్ళ కొసలకు తగిలించే సామాన్లు చేస్తుంది: కనెక్టర్లు, ప్యాచ్ కార్డులు, స్ప్లిటర్లు. కడపలో వాడికున్న సైటు అమ్మితే వచ్చిన డబ్బులో సగం ఆ షేర్లలో పెట్టాలని వాడి ఆలోచన. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాడు చెప్పిన కారణమే అవసరం.

"ఫైబరు వద్దనే ఊరుంటాదా మామా ఇంక? ఫైవ్ జీ, డేటా సెంటర్లు, ఇంటింటికీ నెట్టు. యాడ లైను లాగినా ఈ సామాన్లు కావల్సిందే కదా."

ఇదే లెక్క 1858లో లండన్‌లో వేశారు. ఫైబరు ఉన్న చోట నీళ్ళు పెట్టుకోండి, అంతే తేడా. వానలు లేని సీమలో నీళ్ళు వద్దనే రైతు ఉంటాడా?

ఆ ఏడు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. వెనకాల ఉన్న మనిషి సర్ ఆర్థర్ కాటన్. ఆయన మాటకు అప్పుడు ఎంత విలువో ఊహించుకోవచ్చు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1855కి విజయవాడలో కృష్ణ మీద ఆనకట్ట లేచింది. కరువులతో అల్లాడిన గోదావరి జిల్లా సర్కారుకు శిస్తు కురిపించే జిల్లా అయింది. అక్కడ పెట్టిన రూపాయికి వచ్చిన రాబడి చూసినవాళ్ళు తుంగభద్ర మీద కూడా అంతే వస్తుందని నమ్మారు. కాటన్ ఊహ చిన్నదేమీ కాదు. తుంగభద్ర నీళ్ళను కర్నూలు, కడపల మీదుగా నెల్లూరు దాకా తీసుకుపోవాలి, బళ్ళారి వైపు కూడా కలపాలి, ఆ కాలువల్లో పడవలు నడవాలి, పత్తి, ధాన్యం పడవల మీద సముద్రం చేరాలి. సాగు డబ్బు ఒక పక్క, రవాణా డబ్బు ఇంకో పక్క. కాగితం మీద ఇంత అందమైన ప్రాజెక్టు రిపోర్టును నేను కూడా శాంక్షన్ చేసి ఉండేవాణ్ణేమో.

మూలధనం 10 లక్షల పౌన్లు. అప్పటి మారకంలో కోటి రూపాయలు. దాని మీద ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు హామీ. రైలు కంపెనీలకు అంతకు ముందే ఇచ్చిన పద్ధతే ఇది. కాలువలో నీళ్ళు పారినా పారకపోయినా, రైతు కొన్నా కొనకపోయినా, వాటాదారుకు 5 శాతం అందుతుంది. మూలధనం మొత్తం కట్టాక అది ఏడాదికి 50,000 పౌన్లు. ఇచ్చేది ఎవరంటే ఇక్కడి శిస్తులు వసూలు చేసే సర్కారు. నా సర్వీసులో గవర్నమెంటు గ్యారంటీ ఉన్న లోను ఫైలును ఎవరైనా రెండోసారి తిరగేయగా నేను చూడలేదు. అప్పుడూ అంతే జరిగి ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట. మన దగ్గర చాలా కాగితాల్లో, ఆఫీసు నోట్లలో కూడా, "కేసీ కెనాల్‌ను డచ్చి కంపెనీ తవ్వించింది" అని రాస్తుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోతే డచ్చివాళ్ళకు లేని పుణ్యం దక్కింది. డచ్చివాళ్ళకూ ఈ కాలువకూ ఏ సంబంధమూ లేదు. కంపెనీ ఇంగ్లీషువాళ్ళది, డబ్బు లండన్‌ది, హామీ మనది.

కర్నూలుకు ఎగువన సుంకేశుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. అక్కణ్ణుంచి కాలువ కర్నూలు వచ్చి, హంద్రీని అక్విడక్టు మీద దాటి, మిట్టకందాల దగ్గర కృష్ణా, పెన్నా పరీవాహకాల మధ్య ఉన్న మిట్టను కోసుకుని, కుందూ లోయలోకి దిగి, నంద్యాల మీదుగా కడప పక్కన కృష్ణరాజపురం దాకా పోతుంది. మొత్తం 306 కిలోమీటర్లు. పడవల కోసం పొడుగునా లాకులు. 1863 నుంచి 1870 దాకా తవ్వకం సాగింది.

మా ఊరి దిగువన అలాంటి లాకు ఒకటుంది. చిన్నప్పుడు ఈత కొట్టింది అక్కడే. రెండు పక్కలా చెక్కిన నాపరాళ్ళు, తలుపులు ఆనే చోట గాళ్ళు. రాళ్ళ అంచుల్లో వేలు పట్టేంత లోతున నున్నగా అరిగిన చాళ్ళున్నాయి. అవి పడవల తాళ్ళు ఒరుసుకున్న గుర్తులని తాత చెప్పేవాడు. తాను పనిలో చేరిన కొత్తలో ఎప్పుడో ఒక పడవ వచ్చేదట. 1930లలో అదీ ఆగిపోయింది. ఆ చాళ్ళకు తాళ్ళే కారణమో, బట్టలుతికినవాళ్ళే కారణమో ఇప్పుడు చెప్పలేను. తాత మాటనే ఉంచుతున్నాను.

పడవలు ఎక్కువగా ఎందుకు రాలేదో చెప్పడం సులువు. కాలువ 1871 నాటికి పనికి సిద్ధమైంది. అదే 1871లో మద్రాసు రైలు రాయచూరు దగ్గర బొంబాయి రైలును కలుసుకుంది. ఆ లైను కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగానే పోతుంది. పత్తి బేలు పడవెక్కే లోపల రైలెక్కి మద్రాసు చేరిపోయింది. పైగా కాలువ నెల్లూరు చేరనేలేదు. కడప దగ్గర ఆగిపోయిన పడవ మార్గం సముద్రాన్ని ఎట్లా చూస్తుంది?

నీళ్ళ కథ అంత సులువుగా తేలేది కాదు. లండన్‌లో కూచున్నవాళ్ళకు తెలియని సంగతి, మా తాతకు కూడా చదువుకోకుండానే తెలిసిన సంగతి, రేగడి స్వభావం. గోదావరి లంకల ఒండ్రు వేరు, కుందూ ఒడ్డు నల్లరేగడి వేరు. రేగడి తడిస్తే కాలు పెట్టనివ్వదు, ఎండితే చేయి దూరేంత నెర్రె విచ్చుతుంది. భాద్రపదం, ఆశ్వయుజాల వానలకు ఒకసారి కడుపునిండా తాగితే ఆ పదునుతోనే హింగారి జొన్న మాఘం దాకా నిలబడుతుంది. పత్తి కూడా అంతే. వాన పడిన ఏడు రైతుకు కాలువ నీళ్ళతో పని లేదు. పెట్టి తడిపితే చేను ఊటెక్కి చౌడు బారుతుందని భయం. ఒకసారి తడి వేస్తే ఆ భూమిని మాగాణి కింద రాసి శిస్తు పెంచుతారని ఇంకో భయం. వరి వేద్దామంటే గట్లు కట్టాలి, చదును చేయాలి, కూలీలు కావాలి, ఎద్దులు కావాలి. ఆ పెట్టుబడి పెట్టమని రైతును అడిగినవాళ్ళు లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు. మరోవైపు, సుంకేశులలో అప్పుడు ఉన్నది ఆనకట్టే తప్ప నీళ్ళు నిలవచేసే జలాశయం కాదు. తుంగభద్ర పొంగినప్పుడు ఎవరికీ నీళ్ళు అక్కర్లేదు, నీళ్ళు కావాల్సిన మాఘ, ఫాల్గుణాల్లో నదిలో ఇసుకే. రైతులు నీళ్ళు కొనకపోవడం మొండితనమని కొందరు దొరలకు అనిపించింది. నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. అది మొండితనం కాదు, లెక్క.

అనుకున్న ఎకరాల్లో చిన్న భాగానికే నీళ్ళు అమ్ముడుపోయాయి. అంతకు ముందే, 1866లో, తవ్వకం మధ్యలో ఉండగానే కంపెనీ చేతిలో డబ్బు అయిపోయింది. సర్కారు ఇంకో 6 లక్షల పౌన్లు అప్పుగా ఇచ్చింది. లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద వడ్డీవ్యాపార సంస్థ కుప్పకూలిన ఏడూ అదే. సీమలో కరువు పడి ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఖాళీ చేసి జనానికి అన్నం పెట్టిన ఏడూ అదే. ఆయనకు ఎవరూ 5 శాతం హామీ ఇవ్వలేదు. తరువాత విక్టోరియా రాణి బంగారు పతకం మాత్రం పంపింది.

ఆపైన ధాత కరువు. 1876 నుంచి 1878. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు పీనుగులతో నిండిన ఆ రెండేళ్ళలో కాలువ నీళ్ళకు గిరాకీ వచ్చింది. కంపెనీ తరఫువాళ్ళకు ఆశలు లేచాయి. వానలు పడగానే గిరాకీ మళ్ళీ జారిపోయింది. 1878లో ఇంగ్లండు పార్లమెంటు వేసిన కమిటీ ముందు డెబ్బై అయిదేళ్ళ కాటన్ కూచుని తన కాలువలను సమర్థించుకోవలసి వచ్చింది. అంత గొప్ప ఇంజనీరుకు ఆ స్థితి పట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఆయన తప్పు నీటి గురించి కాదు. ఒక నేల మీద నిజమైంది ఇంకో నేల మీదా నిజమవుతుందనుకోవడమే.

చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది. మన నీటిపారుదల శాఖ కాగితాల్లో ఆ వెల 3 కోట్ల 2 లక్షల రూపాయలని ఉంటుంది. ఒరిస్సాలో ఇలాగే కాలువలు తవ్వబోయిన ఈస్టిండియా ఇరిగేషన్ కంపెనీ పనులను అంతకు ముందే, 1860ల చివర్లో, కొనాల్సి వచ్చింది. ఆ రెండు అనుభవాల తరువాత సాగునీటి పనులు సర్కారే అప్పు చేసి కట్టుకుంది కానీ, హామీలిచ్చి కంపెనీల చేతికి అప్పగించలేదు.

ఇంతదాకా చెప్పాక మా వాడు అడిగిన ప్రశ్న బాగుంది. "ఐతే ఆ షేర్లు కొన్నోళ్ళంతా మునిగిపోయినారా మామా?"

"యాడ మునిగేది? ఇరవై ఏండ్లకు పైగా కూచోని వడ్డీ తిన్నారు. కడాకు అసలూ తీసుకున్నారు. మునిగింది శిస్తు కట్టినోడు."

"మరి నాకు?"

"నీ కంపెనీకి ఎవురు హామీ ఉన్నారో ఆ రిపోర్టులో యాడన్నా రాసినారేమో చూడు."

వాడు నవ్వాడు కానీ ఫోను తీసుకోలేదు. ఆ రాత్రి నేను ఆ రిపోర్టు ప్రింటు తీయించి పెన్సిలు పట్టుకుని కూచున్నాను.

నాకు ఫైబరు కొత్తదేమీ కాదు. 1999 చివర్లో నేనూ ఒక కేబుల్ కంపెనీ షేర్లు కొన్నవాణ్ణే. కర్నూలులో బ్రోకరు ఆఫీసు టెర్మినల్ ముందు మధ్యాహ్నం భోజనం మానుకుని నిలబడేవాళ్ళం, టీచర్లు, డాక్టర్లు, మా బ్యాంకువాళ్ళు. ఏడాదిన్నరలో ఆ డబ్బులో ఏడో వంతు మిగిలింది. ఆ కాగితాలు ఇంకా బీరువాలో చీరల కింద ఉన్నాయి. మా ఇంటావిడ వాటిని ఎందుకు పారేయనివ్వదో అడగకండి.

అప్పుడు ప్రపంచమంతా అదే వరస. 1966లో చార్లెస్ కావో గాజు శుద్ధంగా ఉంటే వెలుగు కిలోమీటర్ల కొద్దీ పోతుందని లెక్క చెప్పాడు. 1970లో అమెరికాలో కార్నింగ్ వాళ్ళు అలాంటి గాజు తీగ తీసి చూపించారు. ముప్పై ఏళ్ళకు ఆ తీగల కొసల సామాన్లు చేసే జేడీఎస్ యూనిఫేజ్ అనే కంపెనీ 2000లో ఇంకో సామాన్ల కంపెనీని 4,100 కోట్ల డాలర్లకు కొంటున్నామని ప్రకటించింది. మరుసటి ఏడాది లెక్కల్లో అది చూపించిన నష్టం 5,000 కోట్ల డాలర్లకు పైన. 150 డాలర్ల దగ్గర ఆడిన షేరు 2002లో 3 డాలర్ల లోపుకు దిగింది. నేల కింద వేసిన తీగల్లో చాలా భాగం వెలుగు పారకుండా పడి ఉంది. ఆ తీగలన్నీ తరువాత పనికొచ్చాయి. మన కేసీ కాలువ కూడా పనికొచ్చింది కదా. ఇప్పుడు దాని కింద 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు, కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 39.9 టీఎంసీలు. కడప చివరి తూముల రైతులను అడిగితే ఆ నీళ్ళు ఎంత వస్తున్నాయో వేరే కథ చెబుతారు.

మరునాడు మా ఇంట్లో నెట్టు పోయింది. పిలిస్తే కేబుల్ కుర్రాడు వచ్చాడు. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ మొదటి దశలో వేల కిలోమీటర్ల తీగను నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే లాగారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే కనెక్షను అంటే జనం ఎగబడ్డారు. ఇప్పుడు మా వీధిలో రెండు మూడు కంపెనీల తీగలు అదే స్తంభాలెక్కి కాలువ గట్టు పొడుగునా పోతున్నాయి. ఆ కుర్రాడు గట్టు మీది స్తంభానికి నిచ్చెన వేసి నల్ల డబ్బా తెరిచాడు. లోపల గవ్వంత తెల్లటి కట్ట నుంచి పసుపు తీగలు విచ్చుకుని ఉన్నాయి.

"స్ప్లిటరు సార్. ఒక లైను వస్తాది, ఎనిమిది పోతాయి."

ఒక తీగ కొసను నా చేతికిచ్చాడు. కొసన తెల్లటి పింగాణీ కడ్డీ, రెండున్నర మిల్లీమీటర్ల లావు. దాని నడిమి రంధ్రంలో తలవెంట్రుక కంటే కాస్త మందం గాజు, ఆ గాజు నడుమ వెలుగు పోయే దారి 9 మైక్రాన్లు. దుమ్ము కణం పడితే చాలు. కుర్రాడు స్పిరిటు గుడ్డతో తుడిచి, వెలుగు కొలిచే మీటరు పెట్టి చూశాడు. మైనస్ 19 చూపించింది. "మైనస్ 27 దాటితే నెట్టు రాదు సార్. ఒకటికి ముప్పై రెండు చీలిస్తే దాంట్లోనే 17 దాకా పోతాది." తూము తూముకూ కాలువ నీళ్ళు తగ్గినట్టే. తాత బతికుంటే ఈ కుర్రాడి పని ఆయనకు వెంటనే అర్థమయ్యేది.

"ఈ సామాను యాడిది?"

"చైనాది సార్. నేను పనిలో చేరినప్పుడు దీని రేటు మూడింతలుండె. ఇప్పుడు పోతే పోయిందిలే అని కొత్తది ఏస్తాం."

ఆ ఒక్క మాట రిపోర్టులోని నూట నలభై పేజీల్లో లేదు.

సాయంత్రం మా వాణ్ణి కూచోబెట్టుకుని పెన్సిలు గుర్తులు చూపించాను. అమ్మకాలు మూడేళ్ళుగా పెరిగాయి, నిజమే. రావాల్సిన బాకీలు అంతకంటే వేగంగా పెరిగాయి. లాభం కనిపిస్తోంది, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు మాత్రం రెండేళ్ళుగా మైనస్. సరుకులో సగానికి పైగా ఒకే చోటికి పోతోంది, అదీ ప్రభుత్వ పథకం పనులు చేసే కాంట్రాక్టరుకు. పింగాణీ కడ్డీలు ఇంకా బయటి దేశం నుంచే తెస్తున్నారు, వీళ్ళు ఇక్కడ తగిలించి సానబట్టి పెట్టెలో పెడతారు. ప్రమోటరు తన షేర్లలో కొంత తాకట్టు పెట్టాడు. ఆ డబ్బుతోనూ అప్పుతోనూ ఇంకో ఫ్యాక్టరీ కడుతున్నాడు. ఇవేవీ నేరాలు కావు. ఇలాంటి ఫైళ్ళు బాగుపడగా కూడా నేను చూశాను. బేతంచెర్ల వైపు నాపరాళ్ళ ఫ్యాక్టరీకి లోను ఇచ్చినప్పుడు ఇంతకంటే ఘోరంగా ఉండింది లెక్క. ఆ మనిషి బాకీల వెంట స్కూటరేసుకుని తిరిగి ఆఖరి పైసా కట్టాడు. ఈ ప్రమోటరు స్కూటరెక్కే మనిషో కాదో నాకు తెలియదు.

"నువ్వు అన్నిటికీ ఇట్లే అంటావులే మామా. పోయిన తూరి ఒగదాన్ని వద్దంటివి, అది నాలుగింతలాయె."

అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

చల్లబడ్డాక ఇద్దరం కాలువ గట్టు మీదికి నడిచాం. మే నెల. కాలువ అడుగున పగిలిన బురద, పిల్లలు అందులోనే వికెట్లు పాతుకుని క్రికెట్టు ఆడుతున్నారు. వాడు స్తంభం మీది నల్ల డబ్బా వైపు చాలాసేపు చూశాడు.

"తాత ఈ కంపెనీలో ఎన్నేండ్లు చేసినాడు మామా?"

"కంపెనీలో చేయలేదురా. ఆయన పుట్టకముందే కంపెనీ పాయె. గవర్నమెంటు కాలువలో చేసినాడు. నెలనెలా జీతం వచ్చేది."

రాత్రి బెంగళూరు బస్సెక్కేముందు, బాకీలు రాసిన ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాడు. పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.